సర్దార్జీ బండి కింది టంకీ

చదువు నేను మానేశానని మా వాళ్లంతా అంటారు గానీ, నిజానికి చదువే నన్ను మానేసింది. నాలుగో తరగతిలో మరాఠీ పంతులు నా పలక వంక చాలాసేపు చూసి, మీ ఇంట్లో ఏం పని చేస్తారని అడిగారు. మేనమామకు రేకుల దుకాణం ఉందన్నాను. మరి ఇక్కడెందుకు కూర్చున్నావురా అన్నారు. పెద్దవాళ్ల మాట కాదనే అలవాటు లేక మర్నాటి నుంచి దుకాణంలో కూర్చున్నాను. నాలో వచ్చిన మార్పేమీ లేదు. బడిలో చేసిన తప్పులు పలక మీద చెరిగిపోయేవి, దుకాణంలో చేసిన తప్పుల్ని జనం ఇళ్లకు మోసుకుపోయేవారు.

మా దుకాణం నాందేడ్ స్టేషన్ నుంచి మోండాకు, అంటే ధాన్యం బజారుకు, పోయే దారిలో ఉండేది. జొన్నలు పోసుకునే డబ్బాలు, కిరసనాయిలు గరాటాలు, బకెట్లకు కొత్త అడుగులు, కారే పాత్రలకు మాట్లు, ఇత్తడి గిన్నెలకు కళాయి, అన్నీ అక్కడే. బేరాలు మరాఠీలో, దోస్తీలు ఉర్దూలో, తిట్లు మాత్రం తెలుగులో జరిగేవి. తిట్లన్నీ మామవి. మా అమ్మకు తమ్ముడు, నా పెళ్లానికి నాయన. రెండు వైపుల నుంచీ తిట్టే హక్కున్న మనిషి. పొద్దున్నే ఆయన బొగ్గుల కొలిమి రాజేస్తే ఆ పొగ వాసనతో పాటు ఎదురు హోటల్లో చాయ్ మరిగే వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ రెండు వాసనలూ కలిసి తగిలితే, నన్నెవరో వెనక నుంచి తిట్టబోతున్నారని భుజాలు వాటంతటవే ముడుచుకుంటాయి.

డెబ్బయ్యో దశకంలో ఒక ఎండాకాలం, మామ చుట్టాల పెళ్లికి కిన్వట్ పోయాడు. పోతూ పోతూ చెప్పిన మాట ఒకటే.

"నేనచ్చేదాంక పెద్ద పనులు ముట్టకు బిడ్డా. బకెట్లకు అడుగులేసుకుంట కూసో."

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే ఒక టాంగా వచ్చి ఆగింది. అందులోంచి ఒక పొడుగాటి సర్దార్జీ దిగాడు. వెనక సీటు మీద ఇనుప రేకు టంకీ ఒకటి, జబ్బు మనిషిలా పక్కకు ఒరిగి ఉంది. ఒక పక్క మొత్తం చీలిపోయింది.

సర్దార్జీ విలాయత్ నుంచి వచ్చాడు. విమానంలో కాదు, రోడ్డు మీద. వ్యాన్ వెనక చక్రాల మీద నడిచే ఇల్లు ఒకటి కట్టుకుని, దేశాలకు దేశాలు దాటుకుంటూ, గురుద్వారా దర్శనానికి తల్లిని తీసుకొచ్చాడు. ఆ ఇల్లు తన చేతులతో తయారు చేసిందేనట. అందులో మంచం, పొయ్యి, కిటికీలకు తెరలు. ఈ టంకీని ఆ ఇంటి అడుగున రెండు ఇనుప పట్టీలతో వేలాడదీశాడు. అన్ని దేశాల రోడ్లనూ తట్టుకున్న పట్టీలు మా జిల్లా గుంతల దగ్గర ఓడిపోయాయి. ఒకటి తెగింది, టంకీ పడింది, బండి ఆపేలోగా కొంత దూరం రోడ్డు మీద ఈడ్చుకొచ్చింది.

చదివేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను. అది ఆ ఇంటి మరుగుదొడ్డి టంకీ. లోపల పీట మీద కూర్చుంటే కిందికి పోయేదంతా అందులో నిలుస్తుంది, ఊరి బయట ఎక్కడో అడుగున తిప్పు, అంటే మర మూత, విప్పి ఖాళీ చేస్తారు. ఈ సంగతి మా ఇద్దరిలో ఒకరికి తెలుసు. సిగ్గు వల్ల ఆయన చెప్పలేదు. తెలివి వల్ల నేను అడగలేదు.

నా తప్పేముంది చెప్పండి. ఆ రోజుల్లో మా వైపు ఆ పనికి చెంబు పట్టుకుని ఇంటికి ఎంత దూరం పోతే అంత మర్యాద. పట్టాలు దాటి తుమ్మ చెట్ల దాకా పోయేవాళ్లం. అటువంటిదాన్ని ఎవరైనా మంచం కింద కట్టుకుని ఇన్ని దేశాలు ఊరేగిస్తారని ఎవరికి తోస్తుంది?

పైగా ఆయన చెప్పిన తీరు అట్లా ఉంది. తల వంచుకుని, తన బూట్ల వంక చూస్తూ హిందీలో చెప్పాడు. టంకీ పడ్డప్పటి నుంచి అమ్మ నీళ్లు ముట్టడం లేదు. రొట్టె కూడా వద్దంటోంది. ఆమెకు మోకాళ్లు వంగవు. యాత్రికుల గదులు చూపించినా, అక్కడి ఏర్పాటు తనకు కుదరదంది. ఇన్ని దేశాలు దాటి వచ్చి, గురుద్వారా కనిపించేంత దూరంలో నాలుక ఎండిపోయి పడుకుని ఉంది. ఈ సాయంత్రానికి టంకీ బిగించకపోతే ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే.

నాకు క్షణంలో అంతా అర్థమైపోయింది. ఎందుకంటే మా ఊరు కర్ఖేలిలో మా నాయనమ్మ సరిగ్గా ఇటువంటిదే. మడి మనిషి. తన బావి నీళ్లు, తన రాగి బిందె, తను తోడుకున్నవి తప్ప ఇంకో చుక్క గొంతు దిగేది కాదు. ఒకసారి నాందేడ్‌లో పెళ్లికి వచ్చి, బిందె మరిచిపోయానని పెదవులు తడుపుకోకుండా కూర్చుంది. ఆ బిందె రైల్లో వచ్చేదాకా పెళ్లికొడుకును కూడా ఎవరూ పట్టించుకోలేదు. ఈ పంజాబీ ముసలమ్మదీ అదే మడి అనుకున్నాను. తన టంకీ నీళ్లు తప్ప తాగదన్నమాట. మోకాళ్ల సంగతేమో, పాపం బావి దాకా పోయి తోడుకోలేదు కదా అని సర్దుకున్నాను.

"ఫికర్ నక్కో కరో" అన్నాను. బెంగ పెట్టుకోవద్దని. మామ మాట అప్పుడే మరిచిపోయాను.

టంకీ మూత దగ్గర ముక్కు పెడితే గుప్పున ఫినాయిలు వాసన కొట్టింది. విలాయత్‌లో నీళ్లకు ఏదో మందు కలుపుతారు కాబోలు అనుకుని, బూడిదా చింతపండూ వేసి, చేయి భుజం దాకా లోపల పెట్టి మరీ తోమాను. తర్వాత చీలిన ముక్కను కత్తిరించి తీసేశాను, వంకర పోయిన చోట చెక్క సుత్తితో తట్టి సాఫు చేశాను. అంతవరకు చేసి రేకు మాటు వేస్తే పని అయిపోయేదే. కానీ తాగే నీళ్ల టంకీ కదా. వట్టి ఇనుములో నీళ్లు చిలుము వాసన వస్తాయి. ఆ ముసలమ్మ మొదటి గుక్కకే ఉమ్మేస్తుంది. అందుకని కళాయి పెట్టడానికి కూర్చున్నాను.

ఇత్తడికి కళాయి పట్టినంత సులువుగా ఇనుముకు పట్టదు. ఆకురాయితో రుద్ది మెరుపు తెప్పించి, కొలిమి మీద తిప్పి తిప్పి వేడి చేసి, నవసాగరం చల్లి, తగరం ముక్క కరగగానే దూది ఉండతో రుద్దాలి. తెల్లటి పొగ లేస్తుంది, కళ్లు మండుతాయి. మొదటి పూత అక్కడక్కడ వదిలేసిందని రెండోది కూడా పెట్టాను. లోపల వెండి గిన్నెలా తళతళలాడింది. సర్దార్జీ తొంగి చూసి, ఇది దేనికని అడిగాడు. శుభ్రానికి అన్నాను. ఆయన గౌరవంగా తలూపాడు. పరాయి ఊళ్లో పనివాడి పద్ధతిని తప్పు పట్టకూడదనే రకం.

చీలిక మీద కొత్త రేకు వేసి, రివిట్లు కొట్టి, అంచులకు మాటు వేశాను. పట్టీల కోసం విరిగిన ఎడ్లబండి చక్రం కమ్మీ ఉంటే దాన్ని కోసి వంచాను. టంకీకీ పట్టీకీ మధ్య రాపిడి లేకుండా పాత టైరు రబ్బరు ముక్కలు పెట్టాను. ఆ మాత్రం బుద్ధి నాకుండేది. అక్కడితో ఆగిందా? టంకీ అడుగున ఉన్న తిప్పు చూస్తే నా అరచేయి పట్టేంత వెడల్పుంది. దీని కింద గ్లాసు పెడితే ముసలమ్మ తడిసి ముద్దయిపోతుందే అని జాలేసింది. పక్కన బెజ్జం వేసి చిన్న ఇత్తడి కుళాయి బిగించాను. సర్దార్జీ ఆ కుళాయిని చాలాసేపు చూశాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. కారుతోందేమో చూడటానికి గోదావరి నీళ్లు తెప్పించి నింపాను. చుక్క రాలలేదు. మొదటి గ్లాసుకు ఉంటాయని కాసిని లోపలే ఉంచాను.

ఎండ కొంచెం తగ్గాక అదే టాంగాలో టంకీతో సహా నది ఒడ్డు మైదానానికి పోయాం. చక్రాల ఇల్లు అక్కడుంది, కిటికీ తెరలు మూసి ఉన్నాయి. నేను వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాను. సర్దార్జీ జాకీ మీద టంకీని పైకి లేపితే నేను గొట్టం కలిపి, పట్టీలు బిగించాను. చివరి బోల్టు తిప్పుతుంటే పైన పలకల చప్పుడు వినిపించింది. లోపల ముసలమ్మ పక్కకు ఒత్తిగిలింది కాబోలు. ఆ మాత్రం కదలికకే సర్దార్జీ జాకీ వదిలేసి కిటికీ వైపు చూశాడు.

మా దుకాణంలో ఒక ఆనవాయితీ ఉంది. చక్రాలున్నది ఏది బాగుచేసినా పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టందే కదలనివ్వం. టాంగా అయినా సరే, చంటిపిల్లల నడకబండి అయినా సరే. నేను టంకీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కాయ కొట్టి ఆ నీళ్లు చిలకరించాను. సర్దార్జీ బూట్లు విప్పి పక్కన పెట్టి, చేతులు జోడించి నిలబడ్డాడు. తన దొడ్డి టంకీకి దండం పెట్టిన మనిషిని ఆయన్ని తప్ప ఇంకొకరిని నేను చూడలేదు.

ఇక గ్లాసు తీశాను. కుళాయి తిప్పి నింపాను. పరాయివాడి చేతి నీళ్లంటే ముసలమ్మకు అనుమానం ఉంటుంది కదా, అందుకని ముందు నేనే తాగి చూపించాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. కొంచెం తగరం వాసన. బాగున్నాయని తలూపి, రెండో గ్లాసు నింపి, అమ్మకు ఇమ్మని సర్దార్జీకి అందించాను.

ఆయన ముఖం గడ్డం లోపల తెల్లబోయింది. చేయి చాపలేదు. వద్దు భాయీ అన్నాడు. గోదావరి నీళ్లు, ఏ దోషమూ లేదన్నాను. ఆయన మళ్లీ బూట్ల వంక చూడబోయాడు గానీ బూట్లు కాళ్లకు లేవు.

అప్పుడు కిటికీ తెర జరిగింది. తెల్ల చున్నీ, ఎండిపోయిన పెదవులు, నా చేతిలో గ్లాసు మీద నిలిచిన చూపు. నేను గ్లాసు ఎత్తి పట్టుకుని, రెండు పూతల కళాయి పెట్టానమ్మా, ఇంకెవరి చేయీ తగల్లేదు, భయం లేకుండా తాగండి అని నాకొచ్చిన హిందీలో బతిమాలాను. ఆమె నన్ను చూసింది, కుంకుమ బొట్లు చూసింది, కుళాయి చూసింది, కొడుకును చూసింది. తర్వాత మెల్లగా ఒక మాట అంది. తెలుగులో చెప్తే ఇదీ:

"అది తాగడానికి కాదు నాయనా. తాగిన తర్వాతకు."

గ్లాసును మెల్లగా నేల మీద పెట్టాను. ఫినాయిలు, వెడల్పు తిప్పు, వంగని మోకాళ్లు, ఆయన సిగ్గు, అన్నీ వరసగా వచ్చి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. నా ముఖం ఎట్లా మారిందో నాకు తెలియదు గానీ, అది చూసి ఆమెకు నవ్వొచ్చింది. ఎండిన గొంతులో ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. కొడుకు లోపలికి పరిగెత్తి కూజాలోంచి చెంబు నింపి ఇచ్చాడు. తాగింది. మళ్లీ నవ్వొచ్చింది, మళ్లీ తాగింది. అట్లా చెంబు ఖాళీ చేసి ఇంకో చెంబు అడిగింది. సర్దార్జీ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

కాసేపటికి కిటికీ తెర పూర్తిగా మూసుకుంది. సర్దార్జీ నా మోచేయి పట్టుకుని లాగాడు. ఇద్దరం నది దాకా నడిచి, గోదావరిని అంతకు ముందెన్నడూ చూడనట్టు చూస్తూ నిలబడ్డాం. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా ఎవరమూ వెనక్కి తిరగలేదు. మర్నాడు ఆమె కొడుకు చేయి పట్టుకుని దర్శనానికి పోయింది. నాకు ఆకులో చుట్టి నెయ్యి కారే హల్వా ప్రసాదం పంపింది.

ఆ మైదానంలో ఇప్పుడు ఇళ్లు లేచాయి. మామ లేడు. దుకాణం ఉన్నచోట వేరే ఎవరో ఏవో రంగుల డబ్బాలు అమ్ముతున్నారు. గిన్నెలకు కళాయి పెట్టేవాడు కావాలంటే ఊరంతా వెతకాలి. చీలినదాన్ని మాటు వేయమని ఎవరూ రారు, పారేసి కొత్తది కొంటారు. ఆ తెల్లటి పొగ, సుత్తి చప్పుడు, ఒక ముసలమ్మ నవ్వు నా దగ్గరే ఉండిపోయాయి.

టంకీ బిగించిన ఆ సాయంత్రం ఇంటికి పోయి, కథలో నాకు పనికొచ్చినంతే పెళ్లానికి చెప్పాను. డాక్టరు దాకా పోవాల్సిన మనిషికి నేనే నీళ్లు తాగించానన్నాను. కానీ టాంగావాడు నాకంటే ముందే వచ్చి మా వాడకట్టంతా గ్లాసు సంగతి చెప్పి పోయాడని నాకు తెలియదు. ఆమె మొత్తం విన్నది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి, చేతికి ఇవ్వకుండా గడప అవతలే పెట్టి, నడుం మీద చేయి వేసుకుని నిలబడింది.

"టంకీకి రెండు పూతల కలాయి పెట్టినవట గద అయ్యా. అచ్చేటప్పుడు గా నోటికి గూడ ఒకటి పెట్టుకోని రాకపోయినవా?"