చివరి మనిషి దిగేదాకా

ఫిబ్రవరిలో వాన పడితే టాబర్ కొండ మీద ఎవరి నోటా మంచి మాట రాదు. ముందురోజంతా వాన కురిసింది. రాత్రి ఆకాశం తేటపడి ఆ నీరంతా గడ్డకట్టింది. తెల్లారేసరికి దక్షిణం నుంచి వెచ్చటి గాలి తిరిగింది. దాంతో కింద ఐసు, పైన నీరు, ఆ పైన పొగమంచు. స్కీ రిసార్టు ఫోనులో మాత్రం ఒక కుర్ర గొంతు, "ఈరోజు గట్టి నేల, అక్కడక్కడా మెత్తన" అని తియ్యగా చెబుతోంది. ఐసును ఐసని ఒప్పుకున్న రిసార్టు వెర్మాంట్‌లో ఇంకా పుట్టలేదు.

"గట్టి నేలంట! పళ్ళు రాలితే తెలుస్తుంది ఎంత గట్టిదో," అంటూ ఓడీల్ పెల్కీ ఫోను పెట్టేసింది. వంటింటి బల్ల మీద స్కీని పక్కకు తిప్పి ఆకురాయితో దాని అంచును సానబెడుతోంది. ఎదురుగా ఆమె మొగుడు లూసియన్ కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఆ రాపిడి చప్పుడు వింటున్నాడు.

"ఇంకొంచెం పట్టు. పాదం దగ్గర ఇంకా మొద్దుగానే ఉంది," అన్నాడు.

ఓడీల్ వేలితో తడిమి చూసింది. నిజమే, మొద్దుగానే ఉంది. పొద్దున లేవగానే తన చొక్కా గుండీలు పెట్టుకోవడం రాక ఏడుపు మొహం పెట్టిన మనిషి, చప్పుడు విని అంచు సంగతి చెబుతున్నాడు. ఆమెకు సంతోషమూ వేసింది, కోపమూ వచ్చింది.

ఓడీల్‌కు డెబ్బై దగ్గర పడ్డాయి. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఆకాశమంత. ఎన్నో ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. అద్దంలోంచి ఆమె ఒక్క చూపు చూస్తే వెనక సీట్లో అల్లరి దానంతట అదే చల్లారేది. చలికాలంలో కొండ మీద పాట్రోల్ పని. ఎర్ర కోటు, వీపు మీద తెల్ల శిలువ. కాళ్ళు విరగ్గొట్టుకున్న వాళ్ళను మంచు బండిలో పడుకోబెట్టి, దారి పొడుగునా తిడుతూ, భద్రంగా కిందికి దింపేది. ఆమె తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ ఏడాది కేకులు పట్టుకొచ్చేవారు.

ఆ పనిలో ఆమెకు ప్రాణమైంది సాయంత్రం వంతు. జనాన్ని పైకి చేర్చే కుర్చీల లిఫ్టు ఆగాక పాట్రోల్ వాళ్ళు కొండను ఊడ్చుకుంటూ దిగుతారు. ఊడ్చేది చెత్తను కాదు, మనుషులను. ఒక్కో దారికి ఒక్కరు. ప్రతి మలుపులో ఆగి, "కొండ మూసేస్తున్నాం! ఎవరైనా ఉన్నారా?" అని కేక వెయ్యాలి. ఊపిరి బిగబట్టి వినాలి. జవాబు లేదని రూఢి అయ్యాకే కదలాలి. ఊడ్చేవాడి వెనక ఇంకెవరూ ఉండరు. చివరి మనిషి దిగేదాకా అతను దిగడు.

లూసియన్ అలా ఊడ్చుకుంటూ వస్తేనే ఓడీల్ దొరికింది. అప్పుడామెకు పంతొమ్మిదేళ్ళు. అన్న దగ్గర అరువు తెచ్చుకున్న స్కీలు ఐసు మీద పట్టక, షుగర్ రోడ్ అనే దారిలో మేపుల్ చెట్టు కింద చతికిలబడి బూతులు తిడుతోంది. పగలు లిఫ్టులు బాగుచేసి, సాయంత్రం ఊడ్పుకు వచ్చే మెకానిక్ కుర్రాడొకడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నువ్వు దిగకపోతే నేను దిగడానికి లేదు. నాకు ఆకలేస్తోంది," అన్నాడు. అంతే, ప్రేమ కబుర్లంటే అవే. ఆ కథను ఆమె పాట్రోల్ గదిలో ఎన్నిసార్లు చెప్పిందో, మొదలెడితే చాలు అందరూ బూట్ల తాళ్ళు సర్దుకుంటూ జారుకునేవారు.

ఇప్పుడు షుగర్ రోడ్ ఓడీల్ వంతు. లూసియన్‌కు మతి జారిపోతోంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత దారులు. ఒకరోజు చేతి తొడుగులు ఫ్రిజ్‌లో దొరికాయి. ఇంకోరోజు సొంత ఇంట్లో నిలబడి "ఇంటికెప్పుడు వెళ్తాం?" అని అడిగాడు. బర్లింగ్టన్‌లో ఉన్న కూతురు లొరెయిన్ వారం వారం ఫోను చేసి, "నాన్నను ఆ కొండకు తీసుకెళ్ళకమ్మా, ఏదో ఒకరోజు చేజారిపోతాడు. చూసుకునే చోట చేర్పిద్దాం," అంటుంది. ఓడీల్ ఏ వారానికా వారం "ఈ చలికాలం కానీ" అంటుంది. కొండ మీద ఆయన తన మనిషిగా ఉంటాడు. ఇంట్లో ఉండడు. ఈ ముక్క కూతురికి ఫోనులో ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

అందుకే రోజూ వెంట తెచ్చి, కింద లాడ్జిలో పొయ్యి పక్క కుర్చీలో కూర్చోబెడుతుంది. వంట చేసే డాట్ వీలాక్ ఒక కన్నేసి ఉంచుతుంది, బఠాణీ సూప్ పోస్తుంది.

"నీ మొగుణ్ణి నేను లేపుకుపోతే ఏం చేస్తావ్?" అంది డాట్ ఆ పొద్దున.

"రెండు రోజుల్లో నువ్వే తిరిగి తెచ్చిస్తావ్. గురక పెడతాడు," అని ఓడీల్ లిఫ్టెక్కింది.

పొద్దున కొండ అరిచింది. ఐసు మీద అంచులు గీసుకుంటుంటే ఆ చప్పుడుకు పళ్ళు జివ్వుమన్నాయి. వచ్చిన కొద్దిమందిలో సగం మంది మధ్యాహ్నానికే బారులో తేలారు. కానీ ఒంటిగంట దాటాక ఎండ పొగమంచులోంచి వడగట్టుకుని దిగింది. ఐసు పైపొర కరిగి ముతక పంచదారలా అయింది. అప్పుడు చూడాలి కొండను. ఎటు చూసినా పాలు కలిపినంత తెలుపు. నేలకూ గాలికీ మధ్య గీత లేదు. చెట్లు ఉన్నట్టుండి ఎదురొచ్చి, తప్పుకుని, మాయమైపోతున్నాయి. మార్చిలో రావలసిన మేపుల్ పాలు అప్పుడే కారుతున్నాయి. వాటి తీపి వాసన గాలిలో పలచగా ఉంది. ఓడీల్ ఏ ఆలోచనా లేకుండా ఆ తెలుపులో జారుతూ పోయింది. కాళ్ళు ఎవరివో, దారి ఎవరిదో. ఆ కాసేపూ ఆమెకు వయసు లేదు, ఇంట్లో జబ్బు లేదు. ఇలాగే ఉండిపోతే బాగుండునని గట్టిగానే అనుకుంది.

సాయంత్రం ఎండ కొండ వెనక్కి వాలింది. మెత్తబడ్డదంతా మళ్ళీ బిగుసుకుంది, పొద్దుటికన్నా గరుగ్గా. శిఖరం మీది గదిలో పాట్రోల్ వాళ్ళంతా ఊడ్పుకు సిద్ధమవుతుండగా డాట్ గొంతు రేడియోలో వినిపించింది.

"ఓడీల్... లూసియన్ మీ దగ్గరకేమైనా వచ్చాడా? సూప్ గిన్నె కడిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. స్టాండులో ఆయన పాత స్కీలు కూడా లేవు."

వెంటనే కింద లిఫ్టు నడిపే ఎల్‌వుడ్ గొంతు వచ్చింది. "నేనే ఎక్కించాను, ఓడీల్. ఊడ్పు వేళకు వచ్చాడు, 'ఏం ఎల్‌వుడ్' అన్నాడు, 'ఏం లూసియన్' అన్నాను, కుర్చీ పట్టుకుని ఎక్కించాను. ఏళ్ళ తరబడి చేసిందేగా... నాకు తట్టనే లేదు."

ఇంకో కొండ మీదైతే టిక్కెట్టేదని అడిగి ఆపేవారు. ఇక్కడ ఆయన్ను ఎరగనివాళ్ళు లేరు, అదే కొంప ముంచింది.

పాట్రోల్ పెద్ద గోర్డీ లెక్లేర్ గబగబా మనుషులను పంచాడు. ఓడీల్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వు రేడియో దగ్గరుండు. నీ దారి నేను చూస్తాను."

"షుగర్ రోడ్ నాది."

"ఓడీల్, చేతులు వణుకుతున్నాయి నీకు."

"నేను జారేది చేతుల మీద కాదులే. తప్పుకో."

బయట తెలుపు బూడిదరంగుకు తిరుగుతోంది. చీకటి పడితే ఈ ఐసు మీద ఆయన్ను వెతకడం ఎవరి తరమూ కాదు. తడి బట్టలతో ఆ వయసు మనిషి ఎంతసేపు ఓర్చుకుంటాడో ఓడీల్‌కు బాగా తెలుసు. అలాంటివాళ్ళను ఎంతమందిని దింపలేదు! మొదటి మలుపులో ఆగి కేక వేసింది. "కొండ మూసేస్తున్నాం! ఎవరైనా ఉన్నారా?" ఊపిరి బిగబట్టింది. చెట్ల మీంచి చుక్కలు రాలుతున్న చప్పుడు. దూరంగా పక్క దారిలో గోర్డీ కేక. అంతే.

రెండో మలుపులో "లూసియన్!" అని అరిచింది. పాట్రోల్ కేకలో పేరు పిలవకూడదు. ఆ పద్ధతి నేర్పింది ఆయనే. జవాబు లేదు. తప్పంతా నాదే అనుకుంది. లొరెయిన్ చెప్పింది, వినలేదు. ఆయన కోసమే తెస్తున్నానని అందరితో అన్నాను, నిజానికి నా కోసమే. ఇంట్లో ఆ కొత్త మనిషితో కూర్చోవడానికి భయపడ్డాను.

అలా అనుకుంటూనే మూడో మలుపులో అంచు తప్పింది. నీలంగా మెరిసే ఐసు పలక మీద కాళ్ళు రెండూ ఒక్కసారే పోయాయి. తుంటి మీద పడి, తిరుగుతూ జారి, ఒక చెట్టు మొదట్లో ఆగింది. ఒక స్కీ ఊడి ఎటో పోయింది. ఎముకలేమీ విరగలేదు. కానీ లేవాలనిపించలేదు, రేడియో నొక్కాలనీ తోచలేదు. పొగమంచు మెల్లగా వచ్చి కప్పేసింది. గోర్డీ కేక కూడా కిందికి దిగిపోయింది. ఇప్పుడు కొండ మీద ఆమె వెనక ఎవరూ లేరు. తను పిలవకపోతే ఎవరూ పిలవరు.

అప్పుడు వినిపించింది, పైనుంచి.

"కొండ మూసేస్తున్నాం! ఎవరైనా ఉన్నారా?"

నిదానంగా, ఏ తొందరా లేకుండా, ప్రతి మాటా పూర్తిగా పలికిన కేక. ఆ తర్వాత ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. ఆమె మోచేతి మీద పైకి లేచింది. ఇన్నేళ్ళలో ఆ కేక వెయ్యడమే గానీ, దానికి బదులు పలికింది ఒక్కసారే.

"ఉన్నాను!" అంది. గొంతు పంతొమ్మిదేళ్ళ పిల్లదిలా పీలగా వచ్చింది.

అంచుల రాపిడి దగ్గరైంది. తెలుపులోంచి ముందు పాత గోధుమరంగు కోటు, తర్వాత లూసియన్ మొహం. శిఖరం మీద పాత మెకానిక్ కొట్టం వెనక కూర్చుని, ఊడ్చేవాళ్ళందరూ వెళ్ళిపోయేదాకా ఆగి మరీ బయల్దేరాడు. చివరి మనిషి ఆయనే కదా. చంకలో ఆమె స్కీ ఉంది.

"దెబ్బ తగిలిందా అమ్మా?"

ఆమెకు హెల్మెట్, కళ్ళద్దాలు, ముక్కు దాకా లాగిన మఫ్లర్. ఆయన ఆమె మొహంలోకి చూశాడు, మర్యాదగా, పరాయి మనిషిని చూసినట్టు.

"లేదు," అంది ఓడీల్.

"ఈ ఐసు మంచిది కాదు. మీ తప్పేం లేదు." ఆమె బూటు దులిపి, స్కీ తొడిగి, చెయ్యి అందించాడు. ఆ చెయ్యి వణకలేదు. "మా ఆవిడైతే ఇక్కడ పడేది కాదనుకోండి. తను కూడా పాట్రోలే."

ఓడీల్‌కు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆ ఆవిడంటే అసూయ కూడా పుట్టింది. "బాగా జారుతుందా ఏంటి?"

"చాలా బాగా. నోరే కాస్త పెద్దది. పదండి, మీరు ముందు నడవండి. మీరు దిగకపోతే నేను దిగడానికి లేదు."

రేడియో నొక్కి, "దొరికాడు, వస్తున్నాం," అని మాత్రం గొణిగి, ఓడీల్ ముందు నడిచింది. తన వెనక ఒక మనిషి ఉండగా షుగర్ రోడ్ దిగి ఎన్నాళ్ళయిందో. ప్రతి మలుపులో ఆగింది. ప్రతి మలుపులో వెనక నుంచి ఆయన కేక వేశాడు, విన్నాడు, "ఊఁ, కానివ్వండి," అన్నాడు. మేపుల్ కొమ్మల నుంచి చుక్కలు రాలుతూనే ఉన్నాయి. ఈ దారి ఇంకాస్త పొడుగుంటే బాగుండుననుకుంది.

కింద పాట్రోల్ గదిలో అందరూ నిలబడే ఉన్నారు. ఎల్‌వుడ్ మొహం తెల్లబోయి ఉంది. లూసియన్ టోపీ తీసి, గోడకున్న దారుల పేర్ల పలక ముందు నిలబడి, పద్ధతి ప్రకారం ఒప్పజెప్పాడు. "షుగర్ రోడ్ ఖాళీ. ఒకావిడ ఉండిపోయింది, తీసుకొచ్చాను."

గోర్డీ ఓడీల్ వైపు చూశాడు. ఆమె మఫ్లర్ కిందికి లాక్కోకుండానే తలూపింది. "అవును బాస్. ఆయనే తీసుకొచ్చాడు." గోర్డీ సుద్దముక్క తీసుకుని షుగర్ రోడ్ పక్కన లూసియన్ పేరు రాశాడు.

"ఇక ఇంటికి వెళ్దాం లూసియన్, నేను దింపుతాను," అన్నాడు ఎల్‌వుడ్.

"ఓడీల్ ఇంకా దిగలేదుగా." లూసియన్ కిటికీ పక్క బల్ల మీద కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "తను రాకుండా నేనెలా వెళ్తాను?"

డాట్ ఏప్రాన్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఓడీల్ ఆయన్ను కాసేపు చూసి, చప్పుడు కాకుండా తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

బయట పొగమంచులో నిలబడి హెల్మెట్ తీసింది. కళ్ళద్దాలు తీసింది, మఫ్లర్ విప్పింది, మొహం తుడుచుకుంది. తడిసిన తెల్ల జడ భుజం మీదికి లాక్కుంది. తర్వాత బస్సులో వెనక సీటు దాకా వినపడే గొంతుతో కొండంతా దద్దరిల్లేలా అరిచింది.

"షుగర్ రోడ్ ఖాళీ!"

తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. లూసియన్ తలెత్తి చూశాడు. మొహమంతా విప్పారింది.

"వచ్చావా," అన్నాడు, లేచి టోపీ పెట్టుకుంటూ. "పద, నాకు ఆకలేస్తోంది."