బెరడు తియ్యని కట్టెలు

ఊరి చివర రెండెకరాల కలప తోట అతనిది. తెల్లారగానే చెట్టు చెట్టునూ వేళ్ల కణుపులతో తట్టి, చెవి ఆనించి వింటాడు. చెట్టు మొదలు దగ్గర రాలిన పొట్టును చిటికెడు తీసి వాసన చూస్తాడు. చంటిపాప దగ్గినా అలాగే వీపుకు చెవి ఆనిస్తాడని భార్య నవ్వుతుంది. అందరూ అతన్ని చెట్ల డాక్టరంటారు. ఆ పిలుపు వింటే మెడ కాస్త నిటారవుతుంది.

ఆ రోజు పక్క తోట పిన్ని కబురు పెట్టింది. "డాక్టరుగారూ, మా చెట్లకేదో జబ్బు చేసింది, నాడి చూసి పో నాయనా!" పదేళ్లు పెంచిన చెట్లు. వెళ్లి చూస్తే ఏడింటి మొదళ్లలో పెన్సిలు పట్టేంత బెజ్జాలు, కింద తెల్లటి పొట్టు. తొలిచే పురుగే. ఏడూ కొట్టెయ్యాల్సిందే. "ఎక్కణ్ణుంచి దాపురించిందిరా ఇది?" అందామె. అతని చూపు ఆ చెట్ల కిందే పేర్చిన వంటకట్టెల మీద పడింది. పోయిన చలికాలం తానిచ్చినవే, తన తోటలో పురుగు పట్టి కొట్టేసిన చెట్టువి. పురుగు దాగే బెరడును వలిచి తగలబెట్టందే కట్టె తోట దాటకూడదని ఊరందరికీ చెప్పే మనిషి, పాపకు జ్వరమని ఆ రోజు హడావుడిగా అలాగే పడేసి పోయాడు. "నా దగ్గర్నుంచే పిన్నీ." "చాల్లే నీ వేళాకోళం! నువ్వు లేకపోతే ఈ తోట ఏనాడో పోయేది" అని నవ్విందామె. అతను ఒక కట్టె తీసి, గోళ్లతో బెరడు ఊడదీసి ఆమె ముందు పట్టాడు. లోపలంతా పురుగు తొలిచిన దారులు. ఆమె నవ్వు ఆగిపోయింది. అతను తలెత్తలేదు.