రసమట్టం మామ ఎంచిన బొమ్మ

ఆయన అసలు పేరు మునిసిపల్ భవనంలో ఎవరికీ గుర్తులేదు. వంకర, తిన్నన చూసే రసమట్టం జేబులో లేకుండా గడప దాటడు కాబట్టి అందరికీ రసమట్టం మామే. ముప్పై ఏళ్లుగా ఆ భవనంలో పటాలు కట్టేదీ తగిలించేదీ ఆయనే. ఏ పటం తగిలించాలో మాత్రం ఏనాడూ ఎవరూ ఆయన్ని అడగలేదు.

కొత్త సమావేశ మందిరానికి చిత్రాన్ని ఎంచిన రోజూ అడగలేదు. ఆవేశాన్నీ వీరత్వాన్నీ గొప్పగా చూపే రొమాంటిక్ యుగపు చరిత్ర చిత్రాలు రెండు వచ్చాయి. ఒకదానిలో తెల్లగుర్రంపై రాజుగారి విజయయాత్ర. రెండోదానిలో తుఫాను మబ్బుల కింద, విరగబోతున్న కోట తలుపుకు భుజాలు ఆనించిన మామూలు జనం. చిత్రకళ చెప్పే పంతులుగారు గంటసేపు మాట్లాడి రాజుగారి వైపు మొగ్గారు. మునిసిపల్ అధ్యక్షురాలు సరేనన్నారు. మామ తగిలించాడు.

పటం తగిలించాక గదిలోని ప్రతి కుర్చీలోనూ ఒకసారి కూర్చుని చూడటం ఆయన అలవాటు. నాలుగో కుర్చీలో ఆగిపోయాడు.

"ఇది ఇక్కడ కుదరదమ్మా. ఆ రెండోది పెడదాం."

పంతులుగారు నవ్వారు. "మామా, మేకు కొట్టడం నీ పని. బొమ్మ సంగతి మాకొదిలెయ్."

"ఆ మేకే ఒప్పుకోవట్లేదండీ."

"సాయంత్రం ప్రారంభోత్సవానికి జనమొస్తారు మామా," అన్నారు అధ్యక్షురాలు. "మార్చాక అదీ బాగోకపోతే?"

"రేపట్నుంచి ఈ మెట్లెక్కనమ్మా."

ముప్పై ఏళ్ల అన్నాన్ని ఒక్క మాట మీద పెట్టేశాడు. అయినా నిచ్చెన వేశాడు. రాజుగారిని దించి, నలుగురి సాయంతో కోట తలుపును పైకెత్తి, రసమట్టంలో బుడగ నడిమికి వచ్చేదాకా సర్దాడు.

ఆ గదికి కిటికీలన్నీ ఎడమవైపే. రాజుగారి బొమ్మలో ఎండ కుడినుంచి పడుతుంది. అందుకే గుర్రం గోడకు అతికించిన కాగితంలా వెలవెలబోయింది. ఈ బొమ్మలో మబ్బు చీల్చుకున్న ఎండ ఎడమనుంచే వస్తోంది. గదిలోని కిటికీ వెలుగే బొమ్మలోకి దూరి, తలుపు కాస్తున్నవాళ్ల భుజాల మీద పడినట్టుంది.

అధ్యక్షురాలు తెలియకుండానే లేచి నిలబడ్డారు. పంతులుగారు నాలుగో కుర్చీలో కూర్చుని కిటికీని చూశారు, బొమ్మను చూశారు.

సాయంత్రం మామ భార్య కూడా వచ్చింది. "ఇంత పెద్దదాన్ని తిన్నగా పెట్టారు గానీ, మనింట్లో క్యాలెండరు ఆరు నెల్లుగా వంకరే," అని గొణిగింది.

అంతలో అతిథుల్లో ఎవరో అడిగారు, "దీన్ని ఎంచిందెవరండీ?"

అధ్యక్షురాలు మామ వైపు చెయ్యి చూపించారు.

"మా ఆయనేనండీ!" అంది భార్య, గది చివరిదాకా వినబడేలా.