నీటితిత్తి

బోయిగూడలో నాన్నది గొర్రె తలకాయలు, కాళ్లు కాల్చిచ్చే దుకాణం. పైన బొచ్చు కాలుతుంది గాని లోపల మెదడు పచ్చిగానే ఉంటుంది. తలను రెండుగా కొట్టినప్పుడు ఎప్పుడైనా మెదడులో కోడిగుడ్డంత నీటితిత్తి కనబడేది. అలాంటిది గిరాకీకి ఇవ్వడు. పారేస్తే పాపమని మా కుక్కకు పెట్టేవాడు. ఆయన దృష్టిలో అదొక పుణ్యం.

ఒకసారి ఈనిన గొర్రె ఒకటి కోతకొచ్చింది. తల్లి తల దుకాణానికి వచ్చింది, పిల్ల మా ఇంటికి వచ్చింది. అమ్మ దానికి సీసాతో పాలు పట్టింది. నన్నెన్నడూ ఇంత ముద్దు చేయలేదని దెప్పితే, "నువ్వు గింత బుద్ధిగ ఉంటివా?" అనేది. ఆ పిల్ల పగలంతా ఇంటి వెనక గడ్డి మేసి, కుక్కను ఆనుకుని పడుకునేది.

ఏడాది నిండకముందే అది తల ఒక పక్కకు వంచి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. అమ్మ దాని నుదుట పసుపు పెట్టి, "అమ్మవారు పూనిందేమోనే," అంది. నాకు నవ్వొచ్చింది. అది గోడకు తల ఆనించి, వెనక్కి రావడం తెలియక అక్కడే నిలబడిపోయినప్పుడు నవ్వు ఆగిపోయింది.

ఆటోలో పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. మెదడులో నీటితిత్తి ఉందని, అది పురుగేనని ఆయన చెప్పాడు. అలాంటి తిత్తిని కుక్క పచ్చిగా తింటే దాని పేగుల్లో బద్దెపురుగవుతుంది. గుడ్లు మలంతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కడుపులో గుడ్డులోంచి పిల్లపురుగు బయటికొచ్చి, రక్తంలో దూరి, మెదడు చేరి మళ్లీ తిత్తిలా పెరుగుతుంది.

"ఆపరేషన్ చేద్దామంటే బాగా లోతుగా ఉంది. లాభం లేదండీ," అన్నాడు.

నాన్న తన చేతుల వంక చూసుకున్నాడు. "ఎన్ని తిత్తులు తీసిన సారూ. గవన్నీ కుక్కకే పెట్టిన," అన్నాడు.

పిల్ల చనిపోయాక లోతుగా గొయ్యి తవ్వాం. రోజూ తలలు పగలగొట్టే మనిషి ఆ తల మీద మట్టి వెయ్యలేక గొయ్యి అంచున కూర్చుని ఏడ్చాడు. నాన్న ఏడుపు అంతకుముందు నేను వినలేదు. మట్టి నేనూ అమ్మా వేశాం.

కుక్కకు పురుగుల మందు వేయించాం. ఇప్పుడు తిత్తి కనబడితే నాన్న పొయ్యిలో వేసి, బూడిదయ్యేదాకా చూస్తాడు. కుక్క పక్కనే కూర్చుని, తన వాటా కోసం తోక ఊపుతుంది. దాన్ని అదిలించడానికి ఆయనకు నోరు రాదు.