పెనం నాకిన నాలుక

మొన్న బడి నుంచి వచ్చిన మనవరాలు నా నోటి దగ్గర ముక్కు పెట్టి, "అవ్వా, నువ్వొక్కదానివే దోసె తిన్యావా?" అని అడిగింది. మా ఆయన పోయాక దోసెలు పోయడం తగ్గింది గాని, శుక్రవారం ఇనప పెనానికి నూనె రాయడం నేను మానలేదు. ఆ వాసనే పిల్ల పట్టింది.

ఒకప్పుడు నేనూ అంతే. మా అమ్మ మారండహళ్ళి తోటల్లో టమేటా కోతకు పోయేది. మాకు రెండు పూటలా రాగి సంగటే. అయినా శుక్రవారం మేం నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఇల్లంతా కాలిన నూనె, ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ వాసన. మమ్మల్ని బయటికి పంపి అమ్మ దోసె పోసుకుంటోందని నాకు అనుమానం. ఆమె కొంగు వాసన చూశాను. పొయ్యిలో బూడిద కెలికాను. ఏమీ దొరక్క, ఒక రోజు ఆమె లేనప్పుడు పెనాన్నే నాకాను. ఉత్త ఇనుము రుచి.

అమ్మ వచ్చి నా మూతి చూసింది. "ఏదీ, నాలిక చాపు."

చాపాను. నల్లగా ఉంది.

"దొంగదానా, నేను దోసె తింటాననా?" అని నవ్వి, సగం ఎర్రగడ్డను నూనెలో అద్ది వేడి పెనం మీద రుద్ది చూపించింది. "పిండి లేదని వదిలేస్తే తుప్పు పడతాది. బియ్యం వచ్చిననాడు దోసె లేస్తాదా?"

నేను అప్పటికీ నమ్మలేదు. ఇంకా చాలా రోజులు ఆ పెనానికి కాపలా కాశాను. అమ్మ సంగటి గిన్నె వైపు మాత్రం నేను ఒక్కనాడూ చూడలేదు. ఆమె ఎప్పుడు తినేదో నాకిప్పటికీ తెలియదు.