ఒంటికన్ను రాక్షసుడు, మా పెళ్లిచూపులు

ఆ రోజుల్లో నాకు లోకంలో ఉన్న శత్రువు ఒక్కడే. వాడికి ఒకే కన్ను, ఆకుపచ్చ గడ్డం, చేతిలో గద. వాడు ఉండేది నా ఫోన్‌లో. డిగ్రీ అయిపోయి, మార్కాపురంలో ఒక రాతిపలకల ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లులు రాసే ఉద్యోగంలో కొత్తగా చేరాను. తర్లుపాడు నుంచి పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేవాణ్ని. దారిలో కాలక్షేపానికని ఒక గేమ్ ఎక్కించుకున్నాను. ఒకే రంగు రాళ్లు మూడు వరసగా కలిపితే అవి పగులుతాయి. అవి పగిలితే మన వీరులు కత్తులు దూసి రాక్షసుణ్ని కొడతారు. ఆ తర్వాత వాడు తిరిగి మనల్ని కొడతాడు. వినడానికి చిన్నపిల్లల ఆటే. (పగలంతా రాళ్ల మధ్యనే ఉండి, మళ్లీ ఫోన్‌లో కూడా రాళ్లేందిరా అని మా అమ్మ అడిగేది.) మొదట్లో రాక్షసులు మర్యాదగానే చచ్చిపోయేవారు. కొండ ద్వారం దగ్గర ఈ ఒంటికన్నువాడు ఎదురయ్యాక నా బతుకు అక్కడే ఆగిపోయింది.

ఆ గేమ్ గురించి మా ఆఫీసులో తలా ఒక మాట. పలకలు తీసుకుపోవడానికి వచ్చే లారీ డ్రైవరన్న, "అది డబ్బులు గుంజే గేమ్ తమ్ముడా, మనం ఆయుధాలు కొననంతవరకు వాడు చావడు" అనేవాడు. కంప్యూటర్ దగ్గర కూర్చునే అక్క, "నీకు ఓపిక లేదబ్బాయ్. వీరుల బలం పెంచుకోకుండా మీద పడితే ఎట్ల?" అనేది. నేను ఎవరి మాటా వినలేదు. ఒక సాయంత్రం వాడి ప్రాణం వెంట్రుకంత మిగిలింది. ఒక్క ఎర్ర రాయి పడితే చాలు. పైనుంచి నీలం రాళ్లు దిగాయి. కిక్కిరిసిన బస్సులో ఒంటికాలి మీద నిలబడే ఆ గేమ్‌కు ఒక్క నక్షత్రం ఇచ్చి, కసితీరా తెలుగులో నా అభిప్రాయం రాసి పడేశాను. నా పేరుతో, నా ఫొటోతో అది అందరికీ కనపడుతుందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే పెద్దారవీడు దగ్గర ఒక ఊరికి పెళ్లిచూపులకు పోయాం. అమ్మాయి గిద్దలూరులో ప్రైవేటు బడిలో టీచర్. వాళ్లకు కొంచెం భూమి, దొడ్డి నిండా గొర్రెలు. మా నాయనకు సంబంధం నచ్చింది, మా అమ్మకు ఇల్లు నచ్చింది, నాకు అమ్మాయి ఎంత నచ్చిందంటే తల ఎత్తి రెండోసారి చూడటానికి ధైర్యం చాలలేదు. చిక్కల్లా అమ్మాయి నాయనతో వచ్చింది. (ఇప్పుడు ఆయన నా మామ కాబట్టి మామ అనే అంటాను.) ఆయన బోండాల పళ్లెం నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చొని, నా మొహంలోకి అదే పనిగా చూస్తున్నాడు.

"నిన్ను యాడనో చూసినానబ్బాయ్" అన్నాడు.

"సంతలో చూసింటావులే బావా" అన్నాడు మా నాయన.

"సంత కాదు. ఏదో కోపంగా మాట్లాడినట్టు గుర్తు."

అంతలో ఆయన జేబులో ఫోన్ మోగింది. నాకు కలలో కూడా వినపడే ఢంకా మోత అది. వీరులు కోలుకున్నారు, మళ్లీ యుద్ధానికి రండి అని పిలిచే మోత. మామ కళ్లు పెద్దవయ్యాయి. కళ్లద్దాలు పెట్టుకొని, ఫోన్ తీసి, ఆ గేమ్ కింద జనం రాసిన అభిప్రాయాల్లో కాసేపు వెతికి, "దొరికినాడు! ఒక్క నక్షత్రం!" అని కేక వేసి, ఇంటిల్లిపాదీ వింటుండగా నా అభిప్రాయం గట్టిగా చదివాడు.

"చెత్త గేమ్. ఎర్ర రాళ్లు కావాలంటే నీలం రాళ్లు వేస్తారు. దీని వల్ల నాకు నిద్ర లేదు, తిండి లేదు, ఆఫీసులో బిల్లులన్నీ తప్పులు. దీన్ని చేసినోళ్ల ఫోన్లు పొయ్యిలో పడ!"

"ఆఫీసులో పని ఎక్కువై నిద్ర రాలేదన్నావు గదరా!" అంది మా అమ్మ. మా నాయన పైకప్పు వైపు చూడసాగాడు.

"గొర్లు మేపుకుంటా నేనూ ఆడతాండా. అయిదు నక్షత్రాలిచ్చినా" అన్నాడు మామ. "కష్టంగా ఉంటేనే ఆట. ఒక్క రాక్షసుడితో పడలేనోడివి, రేపు సంసారం ఎట్ల చేస్తావు?"

ఆ మాటకు ఆ గదిలో అందరి మొహాలూ మారిపోయాయి. తలవంచుకొని ఊరుకోవలసింది నేను. కానీ నాలో ఆ బస్సు సాయంత్రపు నీలం రాళ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి. "అది కష్టం కాదు మామా, మోసం! కావాలంటే ఇప్పుడే ఆడి చూపిస్తా" అనేశాను. మామ మంచం మీద జరిగి చోటిచ్చాడు. ఆయనా ఆ ఒంటికన్నువాడి దగ్గరే ఆగిపోయాడట! ఇక మేమిద్దరం ఒకే ఫోన్ మీద తలలు ఆనించి యుద్ధంలోకి దిగాం. బోండాలు చల్లారాయి. మా నాయన రెండుసార్లు దగ్గాడు. వాడి ప్రాణం మళ్లీ వెంట్రుకంతకు వచ్చింది. "పచ్చవి కొట్టు" అంటాడు మామ; "కాదు, పసుపువి" అంటాను నేను. ఇద్దరి వేళ్లూ ఒకేసారి పడి, ఏ రాయి కదిలిందో తెలిసేలోపే వాడు గద ఎత్తి మా వీరులందర్నీ నేలమట్టం చేశాడు.

మామ మెల్లగా కళ్లద్దాలు తీసి, "ఇది మోసమేనబ్బాయ్" అన్నాడు. అక్కడికక్కడే అయిదు నక్షత్రాలూ ఒకటి చేసేశాడు. ఆయన్ని మంచి చేసుకుందామని నేను, "లేదులే మామా, గేమ్ మంచిదే, మనదే తొందర" అన్నాను. "మంచిదేంది, నీ మొహం!" అని ఆయన. ఈసారి ఆయన తిడుతుంటే నేను గేమ్‌ను వెనకేసుకొస్తున్నాను. అది తట్టేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఒక్క క్షణం చూసి మామ కూడా పగలబడి నవ్వాడు. లోపల గడప దగ్గర గాజుల చప్పుడుతో పాటు ఇంకో నవ్వు వినపడింది.

తర్వాత అమ్మాయితో మాట్లాడమని దొడ్డివైపు పంపారు. గొర్రెపిల్ల ఒకటి నా కొత్త ప్యాంటు అంచు నములుతుండగా ఆమే ముందు అడిగింది.

"ఆ ఆట మానేయమని అడగను. మా నాయనకు చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. అన్నం తినేటప్పుడన్నా ఫోన్ పక్కన పెడతారా?"

"పెడతా."

"పొయ్యిలో కాదు, పక్కన" అంది. అప్పుడు ధైర్యం చేసి రెండోసారి చూశాను.

పెళ్లయ్యాక ఒక మధ్యాహ్నం మామా నేనూ కలిసి ఆ ఒంటికన్నువాణ్ని చంపాం. ఊరంతా వినపడేలా అరిచాం. వాడి వెనకనుంచి రెండు కళ్లవాడు వచ్చాడు. ఆ మధ్య ఆ గేమ్‌నే ఎత్తేశారట. మామ ఫోన్ చేసి, దగ్గరి బంధువు పోయినంత దిగులుగా చెప్పాడు. నేనూ చాలాసేపు ఓదార్చాను. ఇప్పుడు నాకు ఓపిక బాగా వచ్చిందని అందరూ అంటారు. నిజమే, కూరలో ఉప్పు లేకపోయినా మాట్లాడకుండా తినేస్తాను. కానీ పెళ్లి చెడిపోయినా సరే, ఆ రాక్షసుడి సంగతి తేల్చాల్సిందేనని మంచం మీద బాసింపట్టు వేసుకు కూర్చున్న ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వుతో పాటు, ఎందుకో, వాడి మీద కొంచెం అసూయ కూడా వేస్తుంది.