గురువారం గంట

కోయంబత్తూరులో ఒక ఆసుపత్రిలో నేను స్పీచ్ థెరపిస్టును. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్లను మళ్లీ మాట్లాడించడం నా పని. మేము చేసే పరీక్షలన్నీ తమిళంలోనే ఉంటాయి. పోదనూరు నుంచి వచ్చిన ఒక అవ్వ, తమిళంలో ఏమడిగినా గోడకేసి చూస్తూ ఉండిపోయింది. విసుగొచ్చి మా ఇంటి తెలుగులో, "ఏమవ్వా, అన్నం తింటివా?" అన్నాను.

"ఇంగా లేదే," అంది అవ్వ.

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. ఇలా తమిళంలో పలకక తెలుగులో పలికేవాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో పరిశోధన చేస్తానని మా పెద్ద డాక్టరమ్మను అడిగాను. ఆమె ఇంట్లోనూ మా తెలుగే.

"వారానికి ఒక గంట చాలు మేడమ్. ఆ గంట నా పేషెంట్లని ఇంకొకరు చూడాల, అంతే."

"సరిమ్మా! గురువారం మధ్యాన్నం రెండు నుంచి మూడు దాకా నీకే ఇస్తిమి."

గది ఇచ్చారు, కంప్యూటర్ ఇచ్చారు. ఇంకా మొదలే కాని పరిశోధనకు ఆసుపత్రి వార్షికోత్సవంలో చప్పట్లు కొట్టించి, నాకు జరీ శాలువా కప్పారు. నా బదులు చూసే మనిషిని మాత్రం ఇవ్వలేదు.

మొదటి గురువారం ఆ గదికి వెళ్లి, శాలువాను కుర్చీ మీదికి విసిరి కంప్యూటర్ తెరిచానో లేదో, వార్డు నర్సు ఫోను చేసింది. "అక్కా, ముగ్గురు కాచుకోనుండారు. ఎవురూ లేరు, రా అక్కా."

మాట రాక ఎదురుచూసేవాళ్లను ఎలా కాదనను? పళ్లు నూరుకుంటూ పరుగెత్తాను. ప్రతి గురువారమూ ఇదే వరస.

రెండు గంటలకు ఆ గదిలోకి తొంగి చూడండి. నా కుర్చీలో కూర్చుని శాలువా పరిశోధన చేస్తూ ఉంటుంది.